ఐటీఐ ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్: పెట్టేదెంత, తిరిగొచ్చేదెంత?

పదో తరగతి ఫలితాలు రాగానే చాలా ఇళ్లలో ఒకే వాదన మొదలవుతుంది. తండ్రి ఐటీఐలో చేర్పిద్దామంటాడు. వైరింగ్ పనులు చేసే మేనమామ "రెండేళ్లు దండగ బావా, నాతో పంపు, ఏడాదిలో పనోణ్ణి చేస్తా" అంటాడు. ఇద్దరూ పిల్లాడి మేలు కోరే మాట్లాడతారు, ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. చిక్కేమిటంటే, ఆ పిల్లాడు రేపు ఎక్కడ పని చేయబోతున్నాడన్న ప్రశ్న వేయకుండానే ఇద్దరూ తేల్చేస్తారు. ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ విలువ పూర్తిగా దాని మీదే ఆధారపడి ఉంటుంది. దాన్ని అడిగే చోటికి వెళ్లేవాడికి అది చాలా చవక. ఎవరూ అడగని చోటే ఉండిపోయేవాడికి చాలా ఖరీదు.

ముందు ఏ కాగితం గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. "ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్" పేరుతో కనీసం నాలుగు వేర్వేరు కాగితాలు తిరుగుతున్నాయి. ఒకదానికి డబ్బు కట్టి మరొకటి వస్తుందనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

మొదటిది ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పూర్తిచేసి, ఆలిండియా ట్రేడ్ టెస్ట్ పాసైతే వచ్చే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్. జనం నోట "ఎన్‌సీవీటీ సర్టిఫికెట్" అంటే ఇదే. సైన్సు, లెక్కలతో పదో తరగతి పాసైనవాళ్లు చేరవచ్చు. దీని పక్కనే వైర్‌మన్ ట్రేడ్ ఉంది. అదీ రెండేళ్లే, దానికి ఎనిమిదో తరగతి చాలు. రెండోది ఐటీఐ తర్వాత ఏదైనా సంస్థలో ఏడాది అప్రెంటిస్‌గా పనిచేసి, పరీక్ష పాసైతే వచ్చే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్. మూడో రకం మూడు నాలుగు నెలల స్వల్పకాలిక కోర్సులు ఇచ్చేది. హైదరాబాద్ మాదాపూర్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ నేర్పే హౌస్ వైరింగ్ కోర్సు, కేంద్రం పెట్టిన కౌశల్ వికాస్ యోజన కోర్సులు ఈ కోవలోవి. నాలుగోది ప్రభుత్వ ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్. మొదటి మూడూ చదువుకు సంబంధించినవి. నాలుగోది పనిచేయడానికి చట్టం ఇచ్చే అనుమతి. ఐటీఐ పాసైతే పర్మిట్ దానంతట అదే రాదు, విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఐటీఐ అయిపోయి పదేళ్లు దాటినా ఈ సంగతి తెలియనివాళ్లు ఉన్నారు.

ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చూసేది మొదటిదాన్ని. మిగతావి దాని చుట్టూ వస్తాయి.

అసలు ఖర్చు ఫీజు కాదు

ఖర్చు అనగానే అందరూ ఫీజు గురించి అడుగుతారు. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు నామమాత్రమే. ప్రైవేటులో సంస్థను బట్టి, ఊరిని బట్టి మారుతుంది. స్కాలర్‌షిప్ వస్తే ఆ భారమూ తగ్గుతుంది. దీనికి బస్‌పాస్, యూనిఫాం, టూల్ కిట్, పరీక్ష ఫీజు కలుపుకోవాలి. ఇంటికి దూరమైతే హాస్టల్ కూడా.

కానీ లెక్కలో పెద్ద అంకె వేరే ఉంది. అది ఆ రెండేళ్లలో కుర్రాడు సంపాదించకుండా వదులుకునే కూలి. నేనొక లెక్క వేస్తాను, మీ ఊళ్లో నడిచే రేటు పెట్టి మళ్లీ వేసుకోండి. హెల్పర్‌గా వెళితే రోజుకు 500 వస్తుందని, నెలకు 24 రోజులు పని దొరుకుతుందని అనుకుందాం. నెలకు 12 వేలు, రెండేళ్లకు 2 లక్షల 88 వేలు. ఐటీఐలో ఉంటూనే ఆదివారాలు పనికి వెళ్లే పిల్లలుంటారు. ఏడాదికి 40 ఆదివారాలు వెళ్లినా రెండేళ్లలో 40 వేలు వస్తాయి. అది తీసేస్తే 2 లక్షల 48 వేలు.

అక్కడితో ఆగదు. ఐటీఐ తర్వాత ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయాలి, ఎందుకు చేయాలో తర్వాత చెబుతాను. 2019 నిబంధనల ప్రకారం ఐటీఐ పాసైన అప్రెంటిస్‌కు ఇవ్వాల్సిన కనీస స్టైపెండ్ నెలకు 7 వేలు. దీన్ని 36 శాతం పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ 2025లో సిఫార్సు చేసింది. మన లెక్కకు పాత 7 వేలే పెట్టుకుందాం. మేనమామ దగ్గర చేరిన కుర్రాడు మూడో ఏడాదికి చేయి తిరిగి రోజుకు 800 తెచ్చుకుంటాడు అనుకుంటే నెలకు 19,200. నెలకు 12,200 తేడా, ఏడాదికి 1 లక్షా 46 వేల చిల్లర. మొత్తం కలిపితే దాదాపు 3 లక్షల 95 వేలు. ప్రైవేటు ఐటీఐలో ఫీజు, రాకపోకలు కలిపి రెండేళ్లకు ఇంకో 40 వేలు వేసుకుంటే 4 లక్షల 35 వేల దాకా వస్తుంది.

అంటే ప్రభుత్వ ఐటీఐకీ ప్రైవేటుకూ మధ్య తేడా 40 వేలైతే, రెంటిలోనూ అసలు ఖర్చు దాదాపు 4 లక్షలు. "ఫ్రీ సీటు వచ్చింది" అని సంబరపడేవాళ్లు ఈ 4 లక్షలను చూడరు. మేనమామ చూస్తాడు. ఆయన వాదనలో బలం అక్కడే ఉంది.

ఈ 4 లక్షలు ఎప్పటికి తిరిగొస్తాయి? సర్టిఫికెట్ వల్ల నెలకు 5 వేలు అదనంగా వస్తే 80 నెలలు, అంటే దాదాపు ఆరేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. 10 వేలు అదనంగా వస్తే మూడేళ్ల నాలుగు నెలల్లో తీరిపోతుంది. అదనంగా ఏమీ రాకపోతే ఎప్పటికీ తిరిగి రాదు. ఐటీఐ పాసై అదే ఊళ్లో, అదే మేస్త్రీ కింద, అదే చదరపు అడుగు లెక్క మీద ఇళ్ల వైరింగ్ చేస్తే జరిగేది ఇదే. ఇల్లు కట్టుకునే యజమాని మేస్త్రీని సర్టిఫికెట్ చూపించమని అడగడు. పక్కింట్లో పని బాగా చేశాడా, గాడి కొట్టేటప్పుడు గోడ పాడుచేయలేదా, వైరు ఏ కంపెనీది వేశాడు, ఇవే అడుగుతాడు.

సర్టిఫికెట్ లేకపోతే తెరుచుకోని తలుపులు

ఇక లాభం వైపు చూద్దాం. ఐటీఐ కాగితం లేకపోతే కనీసం దరఖాస్తు కూడా పెట్టలేని ఉద్యోగాలు కొన్ని ఉన్నాయి.

మన రెండు రాష్ట్రాల్లో అందరి కళ్లూ ఉండేది జూనియర్ లైన్‌మన్ పోస్టు మీద. పదో తరగతితో పాటు ఐటీఐలో ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ట్రేడ్ ఉండాలి, లేదా ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ కోర్సు చేసి ఉండాలి. రాత పరీక్ష ఒక్కటే కాదు, స్తంభం ఎక్కి చూపించాలి. తెలంగాణ దక్షిణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) 2019లో 2,500 జూనియర్ లైన్‌మన్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. 2022లో మరో 1,000కి ఇస్తే, పరీక్షలో అక్రమాలు బయటపడి అది రద్దయింది. 2023లో 1,553 పోస్టులతో కొత్తగా ఇచ్చారు. ఆంధ్రలో 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు ఎనర్జీ అసిస్టెంట్ల పేరుతో వేల పోస్టులు ఒక్కసారిగా వచ్చాయి. మొదట్లో వాళ్లకు ఇచ్చింది నెలకు 15 వేలే. ఈ వరస చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఇక్కడ నోటిఫికేషన్లు ఏటా రావు, వస్తే వరదలా వస్తాయి, లేకపోతే ఏళ్ల తరబడి ఎదురుచూపే. లైన్‌మన్ ఉద్యోగం ఒక్కదాన్నే నమ్ముకుని ఐటీఐ చేయడం నా దృష్టిలో చాలా ప్రమాదకరమైన లెక్క.

ఆడపిల్లల విషయం ఇక్కడే చెప్పాలి. తెలంగాణలో 2019 నోటిఫికేషన్ వచ్చినప్పుడు లైన్‌మన్ పోస్టులకు మహిళలను తీసుకోబోమన్నారు. కొందరు అమ్మాయిలు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు అనుమతితో పరీక్ష రాసి, స్తంభం ఎక్కి చూపించి, సిద్దిపేట జిల్లా అమ్మాయి ఒకరు 2022లో ఉద్యోగంలో చేరారు. ఈ ట్రేడ్ మగపిల్లలకే అనుకునే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి.

రైల్వే ఇంకా పెద్ద తలుపు. అసిస్టెంట్ లోకో పైలట్ (రైలు ఇంజిన్ సహాయ డ్రైవర్) పోస్టుకు అర్హత ఇచ్చే ఐటీఐ ట్రేడుల్లో ఎలక్ట్రీషియన్ ఒకటి. 2024లో మొదట 5,696 పోస్టులని ప్రకటించి, తర్వాత 18,799కి పెంచారు. మూల వేతనం 19,900. 2025 నాటికి డీఏ (కరువు భత్యం) మూల వేతనంలో సగం దాటింది కాబట్టి రెండూ కలిపితేనే 30 వేలకు తగ్గదు, పైన ఇంటి అద్దె భత్యం, రన్నింగ్ అలవెన్సు ఉంటాయి. ఇక్కడ చాలామంది ఆలస్యంగా తెలుసుకునే సంగతి కంటిచూపు. లోకో పైలట్‌కు ఏ-వన్ ప్రమాణం ఉండాలి, అంటే అద్దాలు లేకుండానే చూపు పూర్తిగా బాగుండాలి. లేజర్ ఆపరేషన్ చేయించుకున్నా తీసుకోరు. అద్దాలు వాడే కుర్రాడు రెండేళ్లు ఆ ఉద్యోగం కోసమే చదివి మెడికల్‌లో వెనక్కి రావడం కంటే, ఐటీఐలో చేరే రోజునే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లడం మంచిది. టెక్నీషియన్ పోస్టుల్లో కొన్నిటికి ఇంత కఠినమైన షరతు ఉండదు, నోటిఫికేషన్‌లో పోస్టు పక్కన మెడికల్ ప్రమాణం రాసి ఉంటుంది.

అప్రెంటిస్‌షిప్ ఎందుకన్నది రైల్వే దగ్గరే బాగా అర్థమవుతుంది. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్‌లను తీసుకునేటప్పుడు రాత పరీక్ష పెట్టదు. పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కుల సగటు చూసి మెరిట్ లిస్టు వేస్తుంది. రైల్వేలో అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినవాళ్లకు, లెవెల్-1 (అన్నిటికంటే కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం విడిగా కేటాయించారు. బయటి నుంచి లక్షల మందితో పోటీ పడటానికి, ఈ 20 శాతంలో పోటీ పడటానికి చాలా తేడా ఉంది. కాబట్టి "ఐటీఐలో పాసైతే చాలు, మార్కులు ఎవరు చూస్తారు" అన్న మాట తప్పు. మార్కులే సీటు తెస్తాయి. రైల్వేనే కాదు, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు కూడా ఏటా ఐటీఐ వాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. నెలకు 12 వేలు పోతాయని ఆ ఏడాదిని వదిలేస్తే, అప్పటిదాకా పెట్టిన రెండు లక్షల చిల్లర విలువ సగం పడిపోతుంది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర

పాశమైలారం, జీడిమెట్ల, శ్రీసిటీ, అచ్యుతాపురం లాంటి చోట్ల మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌కు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. ఇక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం ఎంతని కాదు. కంపెనీ రోల్ మీదా, కాంట్రాక్టర్ కిందా అని అడగాలి. ఒకే షెడ్డులో, ఒకే ప్యానెల్ ముందు ఇద్దరు పనిచేస్తుంటారు. ఒకడికి కంపెనీ ఐడీ, ఏటా ఇంక్రిమెంటు. ఇంకొకడికి కాంట్రాక్టర్ మారినప్పుడల్లా సర్వీసు మళ్లీ మొదలు.

చేతికి వచ్చేది కూడా సరిగా లెక్కేసుకోవాలి. పీఎఫ్, ఈఎస్‌ఐ లెక్కగట్టే జీతం 15 వేలైతే, పీఎఫ్ కింద 12 శాతం అంటే 1,800, ఈఎస్‌ఐ కింద 0.75 శాతం అంటే 113 రూపాయలు పోతాయి. చేతికి 13 వేల చిల్లరే. "మేస్త్రీ దగ్గరే ఇంతకంటే ఎక్కువొస్తుంది కదా" అనిపిస్తుంది. మొదటి రెండేళ్లు నిజంగానే ఎక్కువ వస్తుంది. కానీ ఆ 1,800కి కంపెనీ కూడా తన వాటా కలుపుతుంది. ఈఎస్‌ఐ వల్ల ఇంట్లోవాళ్లకూ వైద్యం దొరుకుతుంది. 2019లో ఆంధ్రలో ఇసుక కొరత వచ్చి కట్టడాలు ఆగిపోయినప్పుడు, 2020 లాక్‌డౌన్‌లో, రోజు కూలి మీద బతికే వైరింగ్ పనివాళ్లు ఎంత నలిగిపోయారో చూశాం. 24 రోజుల పని అన్న నా లెక్క కూడా మంచి రోజుల లెక్కే. వర్షాకాలంలో, మూఢంలో, మేస్త్రీకి కొత్త సైటు దొరకనప్పుడు అది 15 రోజులకు పడిపోతుంది. ఆ కోణంలో చూస్తే మేనమామ వాదన అంత బలంగా నిలవదు.

చట్టం అడిగే కాగితం

ఇళ్ల వైరింగ్‌లో ఎవరూ సర్టిఫికెట్ అడగరన్నాను. చట్టం మాత్రం అడుగుతుంది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోని 45వ నియమం ఏం చెప్పిందంటే, బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చడం లాంటి చిన్న పనులు తప్ప, ఏ విద్యుత్ పనైనా లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయించాలి, సామర్థ్య ధ్రువపత్రం ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేతుల మీదుగానే జరగాలి. ఆ నియమాల స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో, తర్వాత 2023లో కొత్త భద్రతా నిబంధనలు తెచ్చింది, కానీ ఈ మూడు మెట్ల పద్ధతి అలాగే ఉంది.

ఊళ్లలో ఇది ఎంతవరకు అమలవుతోందో అందరికీ తెలుసు. అయినా పర్మిట్, సూపర్‌వైజర్ సర్టిఫికెట్, కాంట్రాక్టర్ లైసెన్సు అనే ఈ మెట్లనే సంపాదన పరంగా నేను అన్నిటికంటే ముఖ్యమైనవిగా చూస్తాను. కారణం ఇది. అపార్ట్‌మెంటుకో, షాపింగ్ కాంప్లెక్సుకో, రైస్ మిల్లుకో కరెంటు తీసుకునేటప్పుడు లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ సంతకంతో రిపోర్టు కావాలి. పనంతా చేసిన మేస్త్రీకి లైసెన్సు లేకపోతే, ఆ సంతకం కోసం ఇంకొకరి దగ్గరికి వెళ్లి డబ్బిచ్చి తెచ్చుకోవాలి. చెమటోడ్చినవాడు కూలి తీసుకుంటే, సంతకం పెట్టినవాడు కమీషన్ తీసుకుంటాడు. ప్రభుత్వ టెండర్లు వేయాలన్నా లైసెన్సు తప్పదు. పర్మిట్ దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్లాలంటే ఐటీఐ, అప్రెంటిస్ సర్టిఫికెట్లు గట్టి ఆధారం. ఇరవై ఏళ్ల అనుభవం ఉండి కాగితం లేనివాడికి ఈ దారి చాలా ఇరుకుగా ఉంటుంది. మేనమామ పోటీ లేకుండా ఊళ్లో పనులు చేయగలడు, కానీ ఈ మెట్ల దగ్గర ఆగిపోతాడు. మేనల్లుడు ఐటీఐ చేసి, పర్మిట్ తీసుకుని, ఆయనతోనే కలిసి పనిచేస్తే ఇద్దరికీ లాభం. ఇంట్లో వాదన జరిగేటప్పుడు ఈ దారి ఎవరికీ గుర్తుకు రాదు, నాకు మాత్రం ఇదే అన్నిటికంటే తెలివైనదిగా కనిపిస్తుంది.

కాగితం పక్కన పెడితే, చదువు ఏం నేర్పుతుంది?

ఇప్పటిదాకా కాగితం విలువే లెక్కేశాం. రెండేళ్ల చదువుకు సొంత విలువ కూడా ఉంది, ఐటీఐ మంచిదైతే. సిలబస్‌లో ఏడాదికి 1,200 గంటలుంటే, అందులో 840 గంటలు ప్రాక్టికలే.

ఆ తేడా ఎక్కడ కనిపిస్తుందో ఒక ఉదాహరణ చూద్దాం. కొత్త ఇంట్లో ఆర్‌సీసీబీ (షాక్ నుంచి కాపాడే ట్రిప్ స్విచ్చు) పెట్టారు. వంటింట్లో మిక్సీ వేయగానే ఇల్లంతా కరెంటు పోతుంది. మేస్త్రీ వచ్చి రెండు మూడు సార్లు పైకెత్తి చూసి, "ఇది పాడైపోయిందండీ, అవసరం కూడా లేదు, తీసేద్దాం" అని డైరెక్ట్ కలిపేస్తాడు. ట్రిప్ అవడం ఆగిపోతుంది. ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు.

ఆర్‌సీసీబీ చేసే పనేమిటంటే, ఫేజు వైరులో వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్ వైరులో తిరిగొస్తోందా లేదా అని క్షణక్షణం సరిచూడటం. రెండిటికీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, ఆ కరెంటు ఎటో, బహుశా ఒక మనిషి ఒంట్లోంచి, భూమిలోకి పోతోందని లెక్కగట్టి సెకనులో చిన్న భాగంలోనే ఆపేస్తుంది. మన ఇంట్లో జరిగిందేమిటి? వైరు లాగేటప్పుడు వంటింటి న్యూట్రల్‌ను ఎక్కడో బోర్డులో ఎర్త్ వైరుతో కలిపేశారు. టెస్టర్ పెడితే ఇది దొరకదు, ఎందుకంటే రెండిట్లోనూ టెస్టర్ వెలగదు. మెయిన్ ఆపేసి, డీబీలో (ఇంటి డిస్ట్రిబ్యూషన్ బోర్డులో) న్యూట్రల్ వైర్లను ఒక్కొక్కటిగా విప్పి, ప్రతి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి ఇన్సులేషన్ చూడాలి. ఏ వైరు దగ్గర రీడింగ్ సున్నా దగ్గరికి పడిపోతుందో ఆ గదిలోని బోర్డులు విప్పితే తప్పు దొరుకుతుంది. గంట పని. ఐటీఐలో శ్రద్ధగా నేర్చుకున్న కుర్రాడికి మెగ్గర్ ఎందుకు పట్టుకోవాలో తెలుస్తుంది. దేశంలో కరెంటు షాక్‌తో చనిపోతున్నవాళ్లు ఏటా పది వేలకు పైగా ఉన్నారని జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలు చెబుతున్నాయి. తీసేసిన ఆర్‌సీసీబీలు, పేరుకు మాత్రమే ఉన్న ఎర్తింగులు చిన్న తప్పులు కావు.

త్రీఫేజు మోటార్ల దగ్గర కూడా ఇంతే. స్టార్-డెల్టా స్టార్టర్ మొదట్లో లైను నుంచి లాగే కరెంటును మూడో వంతుకు ఎందుకు తగ్గిస్తుంది, ఒక ఫేజు పోతే పొలంలో మోటారు ఎందుకు కాలిపోతుంది అన్నవి అర్థమైనవాడు వైండింగ్ షాపు పెట్టుకున్నా, ఫ్యాక్టరీకి వెళ్లినా రాణిస్తాడు. ఇళ్ల వైరింగ్‌లోనే ఉన్న మేస్త్రీలకు ఈ పని తగిలే అవకాశమే తక్కువ.

గల్ఫ్ దారి, సోలార్ దారి

జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ కుటుంబాలకు గల్ఫ్ ఎప్పుడూ లెక్కలో ఉంటుంది. ఒకప్పుడు అక్కడ నోటిమాట మీద ఎలక్ట్రీషియన్ అనిపించుకోవచ్చు. సౌదీ అరేబియా 2022 చివర్లో మన దేశంలో నైపుణ్య పరీక్ష మొదలుపెట్టినప్పుడు, మొదటి విడతలోనే ఎలక్ట్రీషియన్లను చేర్చింది. వెళ్లే ముందే ఇక్కడ పరీక్ష పాసవ్వాలి. ఐటీఐలో నిజంగా పని నేర్చుకున్నవాడికి ఇది పెద్ద కష్టం కాదు. ఏజెంటు విషయంలో ఒక అంకె గుర్తుపెట్టుకోండి. రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగలిగిన గరిష్ఠ సేవా రుసుం 30 వేలు, దానిపై జీఎస్టీ. లక్షల్లో అడిగితే అది చట్టవిరుద్ధం. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే, ముందు అక్కడ అడగండి.

సోలార్‌లో పని పెరుగుతోంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది, 3 కిలోవాట్ల ప్యానెళ్లకు 78 వేల సబ్సిడీ ఇస్తోంది. ఐటీఐ ఎలక్ట్రీషియన్లకు 600 గంటల సూర్యమిత్ర శిక్షణ దీనికి సరిపోయే అదనపు చదువు. ఇంతకుమించి దీని మీద ఆశలు పెంచను, ఎందుకంటే సబ్సిడీ ఉన్నంత జోరు ఎప్పుడూ ఉంటుందని చెప్పలేం.

చేరే ముందు చూడాల్సినవి

కాగితం ఒకటే అయినా ఐటీఐలన్నీ ఒకటి కావు. ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో ఒక యూనిట్‌కు 20 మందే. చేరే ముందు ఒకసారి వర్క్‌షాపు చూపించమని అడగండి. మోటార్లు తిరుగుతున్నాయా, మెగ్గర్ ఉందా, వైండింగ్ చేసే బల్ల మీద దుమ్ము ఉందా లేదా అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో హైదరాబాద్ మల్లేపల్లి నుంచి మొదలైంది. దగ్గర్లో అలాంటిది ఉంటే ముందు దానికే ప్రయత్నించండి.

"క్లాసులకు రానక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు" అనే సంస్థ దగ్గర నుంచి వెంటనే వచ్చేయండి. నిబంధనల ప్రకారం 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వకూడదు. ప్రాక్టికల్‌లో పాసవ్వాలంటే 60 శాతం రావాలి. ఈ రెంటినీ పక్కదారిలో దాటిస్తామనేవాడు అమ్మేది ఉత్త కాగితమే. అది స్తంభం ఎక్కే పరీక్ష దగ్గరో, సౌదీ పరీక్ష దగ్గరో బయటపడుతుంది. ఆ సంస్థకు ఈ ట్రేడ్‌లో కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ గుర్తింపు ఉందో లేదో కూడా చూడండి. సంస్థకు గుర్తింపు ఉండి, అదనంగా నడిపే యూనిట్‌కు లేకపోతే తిప్పలు మీకే.

ఇంకొక చిన్న విషయం, దీనివల్ల ఉద్యోగాలు ఆగిపోయినవాళ్లున్నారు. పదో తరగతి మెమోలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో అక్షరం తేడా లేకుండా ఐటీఐ రికార్డులోనూ అలాగే ఉండాలి. చేరిన నెలలోనే ఆన్‌లైన్‌లో చూసుకుని తప్పుంటే దిద్దించుకోండి. సర్టిఫికెట్ వచ్చాక దిద్దించడం చాలా పెద్ద పని.

చదువు కొనసాగించాలనుకునేవాళ్లకు ఐటీఐతో దారి మూసుకుపోదు. అర్హత పరీక్ష రాసి డిప్లొమా రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. లెక్కలంటే భయం లేని పిల్లలకు ఇది మంచి మార్గం, సబ్ ఇంజినీర్ స్థాయి పోస్టులు అక్కడి నుంచి మొదలవుతాయి.

చివరగా, ఇప్పటికే పదేళ్లుగా వైరింగ్ చేస్తున్నవాళ్ల మాట. ముప్పై దాటి, పిల్లలున్న మనిషికి రెండేళ్లు కూలి మానుకుని ఐటీఐలో కూర్చోమని నేను చెప్పను. మనం మొదట వేసుకున్న లెక్క అతనికి ఇంకా ఎక్కువవుతుంది, లైన్‌మన్ లాంటి పోస్టుల వయసూ చాలావరకు అయిపోయి ఉంటుంది. అతనికి పనికొచ్చేది కౌశల్ వికాస్ యోజన కిందే ఉన్న ఆర్‌పీఎల్, అంటే ఇప్పటికే ఉన్న పనితనాన్ని కొద్దిరోజుల శిక్షణతో, పరీక్షతో గుర్తించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి. దాంతో లైన్‌మన్ ఉద్యోగం రాదు, రైల్వే పిలవదు. గేటెడ్ కమ్యూనిటీలోనో, ఆసుపత్రిలోనో మెయింటెనెన్స్ పనికి వెళ్లేటప్పుడు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. వైర్‌మన్ పర్మిట్‌కు తన అనుభవంతో అర్హత ఉందేమో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ కార్యాలయంలో తప్పకుండా కనుక్కోవాలి, లైసెన్సింగ్ బోర్డు వ్యవహారాలు చూసేది ఆ శాఖే. వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ ఏ కాంట్రాక్టర్ల కింద పనిచేశారో వాళ్ల దగ్గర, లైసెన్సు నంబరుతో సహా, అనుభవ పత్రం రాయించుకుని తీసుకెళ్లాలి.